కొత్త చెవి

పళ్ల మేస్త్రి దగ్గర కట్టుడు పళ్లు కట్టించుకున్నవాళ్లు నేరుగా ఇంటికి వెళ్లడానికి వీల్లేదు. ముందు ఎదురుగా ఉన్న టీకొట్టుకు వెళ్లాలి. సెట్టు నోట్లో పెట్టి, కొరికించి, నమిలించి, అద్దంలో నవ్వించి, అన్నీ అయ్యాక మేస్త్రి ఒక చీటీ చేతిలో పెడతాడు. "ఇది జేబులో పెట్టుకోండి, ఎవరికీ చూపించొద్దు. ఇందులో రాసింది నోటితో అడిగి పట్టుకురండి" అంటాడు. అందులో 'చక్కెర తక్కువ వేసి రెండు టీలు, ఒకటి పెద్ద గ్లాసులో, నాలుగు ఉప్పు బిస్కెట్లు' అని ఏదో ఒక తిరకాసు ఉంటుంది. కొట్టాయన మారు మాట్లాడకుండా ఇచ్చాడా, సెట్టు పాసు. "ఏంటండీ?" అన్నాడా, సెట్టు మళ్లీ మేస్త్రి బల్ల మీదికి రావాల్సిందే. రిటైరైన జడ్జిగారొకాయన మూడుసార్లు ఫెయిలై, "నేను వేసిన శిక్షలన్నీ ఇప్పుడు నాకే తిరిగొస్తున్నాయయ్యా" అని నవ్వాడు. నాలుగోసారి పాసయ్యాక ఆ టీ తనే తాగేసి, ఖాళీ గ్లాసు తెచ్చి చూపించాడు.

ఇది మేస్త్రి సొంత తెలివి కాదు, పని నేర్పిన గురువుగారు పెట్టిన పద్ధతి. "చేసినవాడి చెవిని నమ్మకూడదురా, కాకి పిల్ల కాకికి ముద్దు. సెట్టు బాగుందో లేదో చెప్పాల్సింది కొత్త చెవి" అనేవాడాయన. ఇంకో మాట కూడా చెప్పేవాడు. కొత్త చెవి ఎల్లకాలం కొత్తగా ఉండదు. రోజూ తొస్సి మాటలు విని విని కొట్టువాడి చెవి కూడా అలవాటు పడిపోతుంది, వాడికి అన్నీ అర్థమైపోతుంటాయి, కాబట్టి అప్పుడప్పుడూ కొట్టు మారుస్తూ ఉండాలి. మేస్త్రి ఇరవై ఎనిమిదేళ్లలో ఆరు కొట్లు మార్చాడు. మందుల షాపు, సైకిల్ షాపు, పూల కొట్టు, అన్నీ అయ్యి ఇప్పుడు ఈ టీకొట్టు. ఎంత తొందర ఉన్నవాడినైనా, ఎంత పెద్దమనిషినైనా పంపకుండా వదల్లేదు.

ఒక్కళ్లను మాత్రం పంపలేదు. ఆ ఒక్కళ్లు అతని భార్య.

ఆమె బస్‌స్టేషన్‌లో ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చునేది. పంతొమ్మిదేళ్లు అదే కిటికీ. అద్దానికి నోటి ఎత్తులో సాసరంత గుండ్రటి కన్నం, ఆ కన్నంలోంచి ఆమె గొంతు. ఊళ్లో చాలామందికి ఆమె మొహం తెలియదు గానీ గొంతు తెలుసు. మైకు పాడైన రోజుల్లో కూడా ఆమె పిలిస్తే చివరి ప్లాట్‌ఫారం మీద కునుకు తీసేవాడు లేచి సంచీ భుజాన వేసుకునేవాడు. "పదిన్నర బండి ఎన్నింటికమ్మా?" అని ఎవరైనా అడిగితే, "పదింటికి రండి, అరగంట ఆగితే అదే వస్తుంది" అనేది. అడిగినవాడు నవ్వేవాడు, వెనక వరుసంతా నవ్వేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ మాట ఆమెను చూసే పుట్టి ఉంటుందని ఆ కిటికీ దగ్గర నిలబడ్డ ఎవరికైనా అనిపిస్తుంది.

మేస్త్రి సంగతి వేరు. పొద్దంతా పక్కవాళ్ల నోళ్లతో పని కాబట్టి తన నోటికి సెలవిచ్చేశాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఆమె కిటికీ కబుర్లన్నీ విప్పేది. ఎవరు ఏ బండి తప్పిపోయారు, ఎవరు ఎవరితో వెళ్లిపోతూ దొరికిపోయారు, ఏ ముసలమ్మ మనవరాలి ఊరి పేరు మర్చిపోయి ఏడ్చింది, అన్నీ. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అతను ఆకురాయితో ఏదో ఒక పళ్ల ప్లేటు అంచు రుద్దుకుంటూ "ఊఁ" కొట్టేవాడు. పిల్లలు లేని ఇల్లు అది. ఆ "ఊఁ"తోనూ ఆ కబుర్లతోనూ నిండుగానే ఉండేది.

దీపం కింద చీకటి అంటే ఏమిటో మేస్త్రికి యాభై రెండో ఏట తెలిసింది. రోజుకు పది నోళ్లు చూసేవాడు ఇంట్లో ఉన్న నోటిని చూసుకోలేదు. అంగిట్లో ఎడమవైపు చిన్న పుండు, వేడి టీ కాలిందనుకుంది ఆమె. నాలుగు నెలలు అలాగే అనుకుంది. ఆ పుండు సంగతి ఒక్కటే ఆమె నోట్లో నానింది. పెద్దాసుపత్రిలో కోశారు. ఎడమవైపు పై దవడ సగం, నాలుగు పళ్లు, అంగిట్లో ఒక ముక్క పోయాయి. ప్రాణం నిలిచింది. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పడిపోయింది.

ఆ గోడ లేకపోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. తాగిన నీళ్లు ముక్కులోంచి కారిపోతాయి. నోట్లో పుట్టాల్సిన మాట గాలిలా ముక్కులోంచి జారిపోతుంది. ప, బ, త, ద అన్నీ ఒకే మూలుగులో కలిసిపోతాయి. దానికి మందు లేదు, ప్లేటు ఉంది. కన్నాన్ని మూసే అంగిటి ప్లేటు, పైన కన్నంలోకి దూరే బోలు బుడిపె, కుడివైపు మిగిలిన పళ్లకు పట్టుకునే తీగలు. ఆసుపత్రివాళ్లు ఒక తాత్కాలిక ప్లేటు పెట్టి, పుండు మానాక పక్కాది చేస్తామన్నారు.

"పక్కాది నేనే చేస్తాను, నా చేతులతో" అన్నాడు మేస్త్రి.

పెద్ద డాక్టరు అతని పని ఎరిగినవాడే, సరేనన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. భర్తంటే అలా ఉండాలన్నారు. తప్పు అక్కడే మొదలైందని ఎవరికీ తోచలేదు.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తాత్కాలిక ప్లేటు వదులైపోయి మాట్లాడుతుంటే జారేది. ఆమె చాలావరకు అది లేకుండానే ఉండేది. మాట్లాడకుండా ఉండడం మాత్రం ఆమె వల్ల కాలేదు. అతనితోనే మాట్లాడేది, ఎందుకంటే ఇంకెవరితోనూ మాట్లాడ్డానికి సిగ్గు. మొదటివారం అతనికి పదిలో రెండు ముక్కలు అందేవి. పక్కన కూర్చుని, మొహం చూసి, చేతులు చూసి, మళ్లీ చెప్పించుకుని, నెల తిరిగేసరికి ఐదు అందాయి. మూడో నెలకు వంటింట్లోంచి ఆమె వెనక్కి తిరిగి ఏమన్నా ముందుగదిలోంచి జవాబు చెప్పేవాడు. ఆమె బాగుపడుతోందని అతను సంతోషపడ్డాడు. ఆమె మాట ఎక్కడున్నది అక్కడే ఉంది. బాగుపడింది అతని చెవి.

పక్కా ప్లేటుకు అచ్చు తీయడం మామూలు పని కాదు. మెత్తని మైనం పెట్టి, అది గట్టిపడేలోగా ఆమె తల తిప్పాలి, మింగాలి, మాట్లాడాలి. కండ ఎక్కడెక్కడ కదులుతుందో మైనమే అచ్చు తీసుకుంటుంది. బుడిపె కన్నాన్ని బిగించి మూయాలి. బిగిస్తే ఆ లేతచర్మం ఒరుసుకుంటుంది. ఆమె నొప్పి అనదు, కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా రాలతాయి, అంతే. అది చూసి అతని చెయ్యి ఆగదు. ఆకురాయి తీసి అటొక గీటు, ఇటొక గీటు రుద్దేవాడు. మళ్లీ పెట్టేవాడు. "ఇప్పుడు?" ఆమె తల ఊపేది. ఇంకొంచెం రుద్దేవాడు, బుడిపె ఇంకొంచెం వదులయ్యేది.

ఇలాంటి ప్లేటుకు అద్దం పరీక్ష ఉంది. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాప, పీట, బాట" అనిపించాలి. గాలి ముక్కులోంచి పోతుంటే అద్దం మసకబారుతుంది. ఆమె అంటే అద్దం అంచున కొంచెం మసక వచ్చింది. మేస్త్రి దాన్ని చూశాడు. చొక్కా అంచుతో తుడిచేశాడు. మాట తన చెవికి గంట కొట్టినట్టు వినబడుతుంటే ఈ అద్దం ఏం చెబుతుందిలే అనుకున్నాడు.

"ఎలా ఉంది నా మాట?" అని అడిగింది ఆమె.

"బాగుంది. స్పష్టంగా ఉంది."

"నిజం చెప్పండి."

"నీకు అబద్ధం చెప్తానా?"

ఆమె అద్దంలో మొహం చూసుకుంది. ఎడమ బుగ్గ కాస్త లోపలికి పోయింది. "అయితే నన్ను కూడా టీకొట్టుకు పంపండి. చీటీ రాయండి" అంది.

"నీకెందుకు ఆ పరీక్ష?" అన్నాడు మేస్త్రి. "నీ మాట నాకు తెలియదా?"

మధ్యలో ఒక సూచన రాకపోలేదు. ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె ఐదు నిమిషాలు ఉత్సాహంగా మాట్లాడింది. చెల్లెలు "అక్కా, సిగ్నల్ సరిగ్గా లేదే, మెసేజ్ పెట్టవే" అని పెట్టేసింది. మేస్త్రి సిగ్నల్‌ను తిట్టాడు. వినకూడదనుకున్నవాడు చెవిన ఇల్లు కట్టుకుని పోరినా వినడు.

సెలవు అయిపోయింది. బస్‌స్టేషన్ మేనేజరు మంచివాడే. "ఒక పూట కిటికీ దగ్గర కూర్చోండమ్మా, చూద్దాం. ఇబ్బందనిపిస్తే పోయిన సామాన్ల గదికి వేస్తాను. అక్కడ జీతం తేడా రాదు, మాట్లాడే పనీ ఉండదు" అన్నాడు. ఆ గది ప్లాట్‌ఫారం చివర ఉంటుంది. బండ్లలో జనం మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. వాటి మధ్య ఒక కుర్చీ. ఆమె ఇంటికొచ్చి, "నన్ను కూడా మర్చిపోయిన సామాన్ల గదిలో పెట్టేస్తారట" అని నవ్వింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఆ కిటికీ పోతే తను ఇంకెవరూ కాదని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు.

సోమవారం తొమ్మిదింటికి ఆమె కిటికీ తెరిచింది. మేనేజరు వెనక నిలబడ్డాడు. మేస్త్రి దుకాణం మూసేసి వచ్చి ఎదుటి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

మొదటివాడు చేతిలో సంచీ ఉన్న మనిషి, ఏదో ఊరి బండి అడిగాడు.

"మూడో నంబరు ప్లాట్‌ఫారం, తొమ్మిదీ ఇరవైకి. ఇంకా టైముంది, కంగారు పడకండి" అంది ఆమె.

మేస్త్రి తృప్తిగా గాలి పీల్చుకున్నాడు. ఎంత చక్కగా చెప్పింది!

"ఏంటమ్మా?" అన్నాడు ఆ మనిషి.

ఆమె మళ్లీ చెప్పింది. అతను కన్నానికి చెవి ఆనించాడు. మళ్లీ "ఆఁ?" అన్నాడు. ఆమె మూడు వేళ్లు చూపించింది. అతను మూడింటికా అని అడిగాడు. తర్వాత పక్కనున్నవాళ్లను అడుగుతూ వెళ్లిపోయాడు. రెండో ఆవిడ చంకలో పిల్లతో వచ్చింది. జవాబు విని, ఈమెకు చెవుడనుకుందో ఏమో, గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి అరుస్తూ మళ్లీ అడిగింది. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రికి ఒళ్లు మండింది. వీళ్లంతా కావాలనే చేస్తున్నారు, మనిషి బుగ్గ చూసి మాట వినడం మానేశారు, లేకపోతే ఇంత స్పష్టమైన మాట అర్థం కాకపోవడమేమిటి?

ఐదోవాడు "మాట సరిగ్గా రానివాళ్లను ఇక్కడెందుకు కూర్చోబెట్టారు?" అనేసరికి మేస్త్రి స్తంభం దగ్గర ఉండలేకపోయాడు.

"ఏమయ్యా, చెవులు పనిచెయ్యడం లేదా? స్పష్టంగా చెబుతోంది కదా!"

"మీకర్థమైందా?" అన్నాడు ఆ మనిషి, వెటకారం లేకుండానే. "అయితే మీరే చెప్పండి బాబూ, నా బండి వెళ్లిపోతుంది."

"ఐదో నంబరు. ఇప్పుడే వచ్చి నిలబడింది, పరిగెత్తమంది."

అతను పరిగెత్తాడు. తర్వాతివాడు అడిగాడు, ఆమె చెప్పింది, మేస్త్రి కిటికీ పక్కన నిలబడి మళ్లీ చెప్పాడు. ఆ తర్వాతివాడికీ అంతే. వరుస చకచకా కదిలింది. తను ఏం చేస్తున్నాడో మేస్త్రికి తెలియలేదు. సాయం చేస్తున్నాననుకున్నాడు. పది మంది అయ్యాక పదకొండో మనిషి కన్నం వైపు చూడనే లేదు. నేరుగా మేస్త్రి మొహం చూసి, "తర్వాతి బండి ఎప్పుడండీ?" అని అడిగాడు.

ఆమె ఇది చూసింది. అద్దం వెనకనుంచి భర్తను చూసింది. అతను జన్మలో మర్చిపోలేని చూపు అది. 'కిటికీ మూయబడినది' అన్న చెక్క పలకను కన్నానికి అడ్డంగా పెట్టి లేచిపోయింది.

ఇంట్లో ప్లేటు తీసి నీళ్ల గిన్నెలో పడేసింది.

"ఎంతమందిని పంపారు ఆ టీకొట్టుకి?"

అతను నీళ్లలో మునిగిన ప్లేటు వైపు చూశాడు.

"జడ్జిని పంపారు. లేవలేని ముసలాయన్ని కర్రతో పంపారు. నన్ను పంపలేదు. నన్నొక్కదాన్నే పంపలేదు. నా మొహం చూపించడానికి సిగ్గేసిందా?"

"సిగ్గు కాదు" అన్నాడు. "నువ్వు ఫెయిలైతే మళ్లీ నిన్ను నొప్పి పెట్టాలి కదా."

"అందుకని ఊరందరి ముందూ పెట్టించారా?"

ఆమె ప్లేటు లేకుండా, ముక్కుతో, ఏడుస్తూ అన్న ఆ మాటల్లో ఒక్క ముక్క కూడా అతనికి అందకుండా పోలేదు. అదే తన నేరమని ఆ క్షణంలో అతనికి అర్థమైంది. బల్ల మీదున్న ఆకురాయిని ఆమె తీసుకుంది, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగేసింది. ఒక కాగితం ముక్క మీద రాసి అతని ముందు పెట్టింది. 'మీతో మాట్లాడను. మీ చెవి అబద్ధాలకోరు.'

మేనేజరు మాత్రం తొందరపడలేదు. నెల్లాళ్లు ఆగి ఇంకోసారి చూద్దామన్నాడు. అదే ఆఖరిసారని కూడా చెప్పాడు.

మేస్త్రి పెద్దాసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. తన ప్లేటులో తప్పేమిటో చెప్పమన్నాడు. ఆమె ప్లేటు వైపు చూడకుండా సెల్‌ఫోన్ తీసి ఒక రికార్డింగు పెట్టింది. ఎవరో ఆడమనిషి గొంతు. మూలుగులు, ముక్కు గాలి, మధ్యలో ఒకటి రెండు అచ్చులు.

"ఏమైనా అర్థమైందా?"

"ఒక్క ముక్క లేదమ్మా. పాపం, ఎవరు?"

"మీ భార్యలాంటి ఆవిడే. ఇది ఆవిడ భర్తకు వినిపిస్తే పకపకా నవ్వాడు. జోకు చెప్పిందట. బాగుందట." డాక్టరమ్మ ఫోన్ పక్కన పెట్టింది. "అందుకే ఇంటివాళ్లను నేను అడగనండీ. వాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్లకు నిజంగానే అర్థమవుతుంది."

మేస్త్రి ప్లేటు తిరిగి జేబులో పెట్టుకున్నాడు. చెవి అరిగిపోతుందని, కొట్లు మార్చమని గురువుగారు చెప్పిన మాట ఇరవై ఎనిమిదేళ్లు నెత్తిన పెట్టుకున్నాడు. కొట్టువాళ్ల చెవులు అరిగాయేమోనని కనిపెట్టుకుని ఉన్నాడు. తన తలకు రెండు పక్కలా ఉన్నవి కూడా చెవులేనని గుర్తు రాలేదు. వెధవ బతుకు అనుకున్నాడు, పైకే అనుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి కొత్త ప్లేటు పని మొదలుపెట్టాడు. దుకాణంలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు తన రెండు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నాకు వినబడకూడదు" అన్నాడు. వినబడనివాడు మాట్లాడినట్టు కొంచెం గట్టిగా అన్నాడు. అద్దాన్ని మాత్రమే చూస్తూ పనిచేశాడు. మసక వచ్చిన చోటల్లా మైనం చేర్చాడు. చేర్చిన ప్రతిసారీ ఆమె కుర్చీ చేతులు బిగించి పట్టుకునేది, కళ్లు నిండేవి. అలవాటుగా అతని చెయ్యి బల్ల మీద ఆకురాయి కోసం తడిమేది. అది అక్కడ ఉండేది కాదు. మూడో రోజు ఆమె చీటీ రాసి ఇచ్చింది. 'ఏడ్చినా ఆపకండి.' అతను ఆపలేదు. ఆ నెల్లాళ్లలో అతని జుట్టు ఎంత నెరిసిందో వీధిలోవాళ్లంతా చూశారు.

మైనం ప్లేటు పెట్టుకుని ఆమె టీకొట్టుకు వెళ్లింది. ఇప్పుడు చీటీ మేస్త్రి రాయలేదు, ఆమే రాసుకుంది, అతనికి చూపించలేదు. మొదటి రోజు కొట్టాయన మూడుసార్లు "ఏంటమ్మా?" అన్నాడు. మేస్త్రి దుకాణం గుమ్మంలోంచి అతని పెదాల కదలికను చూశాడు. ఆమె వట్టి చేతులతో తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. నాలుగో రోజు రెండుసార్లు. వారం తర్వాత కొట్టాయన చెవి పాతబడుతుందేమోనని ఆమె తనంతట తానే మందుల షాపుకు మారింది, అక్కణ్ణుంచి వీధి చివర బేకరీకి. ఊళ్లో తెలియని కొట్టు కోసం వెతుక్కుంటూ ఎండలో నడిచి వెళ్లేది. ఒక దుకాణంలో ఆమెకు మతి లేదనుకుని చేతిలో చిల్లర పెట్టి పంపేశారు. ఆమె ఆ నాణెం తెచ్చి మేస్త్రి బల్ల మీద పెట్టింది, ఏమీ రాయలేదు. అతను దూది పెట్టుకున్న చెవులతో, తల వంచుకుని, మైనం కరిగించాడు.

ఇరవై ఆరో రోజున అద్దం మసకబారలేదు. మైనం తీసేసి పక్కా ప్లేటు పోతపోశాడు, మెరుగు పెట్టాడు. అది నోట్లో బిగిసి కూర్చుంది. మూడు గంటలకు మించి పెట్టుకుంటే లోపల ఒరుస్తుంది, కొన్నాళ్లకు చర్మం మొద్దుబారాలి, బారకపోవచ్చు కూడా అని డాక్టరమ్మ చెప్పింది.

నెల తిరిగి, రెండోసారి కిటికీ దగ్గర కూర్చోవాల్సిన సోమవారం ఆమె ఒక చీటీ పెట్టి వెళ్లింది. 'మీరు రావద్దు.'

మేస్త్రి దుకాణం తెరిచాడు గానీ ఏ పనీ చేయలేదు. ఒకాయన సెట్టు పగిలిందని వస్తే రేపు రమ్మన్నాడు. తొమ్మిదయింది. ఇప్పుడు కిటికీ తెరిచి ఉంటుంది. తొమ్మిదిన్నర. "ఏంటమ్మా?" అని ఎంతమంది అని ఉంటారు? పది. వెళ్లి ఏ బండి వెనకో దాక్కుని చూస్తే? గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఎదుట టీకొట్టాయన "మేస్త్రిగారూ, టీ పంపనా?" అని కేకేశాడు. వద్దన్నాడు.

పదకొండున్నరకు ఆమె వచ్చింది. రెండు చేతుల్లోనూ రెండు టీ గ్లాసులు. ఒకటి పెద్దది. వాటిని బల్ల మీద పెట్టింది. మొహంలో ఏముందో అతనికి తెలియలేదు.

"ఏమన్నాడు మేనేజరు?" అన్నాడు.

"పొద్దున పూట మూడు గంటలు కిటికీ నాకే ఇచ్చాడు. మధ్యాహ్నం సామాన్ల గది. మూడు నెలలు చూస్తాడట."

నెల్లాళ్ల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాటలు అవి. చెప్పి, అతని ఎదురుగా నిలబడి అడిగింది.

"ఎలా ఉంది నా మాట?"

ఏ నోరు తన ముందు తెరుచుకున్నా వెంటనే తీర్పు చెప్పగలిగిన మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె మాట అతనికి గంట కొట్టినట్టు వినబడింది. మొన్నా అలాగే వినబడింది, ప్లేటు లేనినాడూ అలాగే వినబడింది.

"నాకు తెలీదు" అన్నాడు. "నన్ను అడక్కు. నా చెవి పనికిరాదు."

ఆమె కుర్చీలో కూలబడింది. నవ్విందో ఏడ్చిందో, రెండూ చేసింది. తర్వాత నోట్లో వేళ్లు పెట్టి, ప్లేటు తీగలు ఊడదీసి, బాధకు ఒకసారి కళ్లు మూసుకుని, ప్లేటును నీళ్ల గిన్నెలో వేసింది. గోడ లేని ఆ నోటితో, ముక్కుతో, మూలుగుతో కబుర్లు మొదలుపెట్టింది. మొదటివాడు ఒక్కసారికే విన్నాడట. నాలుగో ఆవిడ రెండుసార్లు అడిగిందట. ఒక ముసలాయన "పదిన్నర బండి ఎన్నింటికమ్మా?" అన్నాడట, తను పాత జవాబే చెప్పిందట, వెనక వరుసలో ఇద్దరు నవ్వారట. ఇద్దరే, కానీ నవ్వారట. దార్లో ఎవరైనా ఆ మాటలు విని ఉంటే ఎవరో మూలుగుతున్నారనుకునేవారు. మేస్త్రి టీ చేతిలో పట్టుకుని "ఊఁ" కొడుతూ విన్నాడు. ఒక్క ముక్క పోనివ్వలేదు.

మాటల మధ్య అతని చూపు గిన్నె మీద పడింది. ప్లేటు బుడిపె చుట్టూ నీళ్లలో సన్నగా ఎర్రటి చార విచ్చుకుంటోంది. రేపు తొమ్మిదింటికి ఆమె దాన్ని మళ్లీ అక్కడే, ఆ పుండు మీదే బిగించుకుంటుంది. కొంచెం, ఒక్క గీటు తీస్తే చాలు, నొప్పి తగ్గుతుంది. అతని చెయ్యి తనంతట తానే బల్ల మీదికి వెళ్లి తడిమింది.

ఆకురాయి ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆమె మాట ఆపకుండానే ఆ బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.